తగ్గిపోయిన జబ్బు

ప్రతివారమూ ఈ శీర్షిక కింద మాటల పుట్టుపూర్వోత్తరాల గురించో, పద్యాల పొలుపు గురించో ముచ్చటించే నేను ఈసారి జబ్బుల సంగతి ఎత్తుకొన్నానేమిటని పాఠకులు విస్తుపోవచ్చు. తెలుగు ఎమ్మే చదివి కళాశాలలో ప్రబంధాలు చెప్పుకొనేవాడికి వైద్యంతో ఏం పని? నిజమే. కాని ఆమధ్య ఒక డాక్టరుగారు సూటిగా ఒక ప్రశ్న వేస్తే, నేను అంతే సూటిగా తప్పు జవాబు చెప్పాను. పరీక్ష పేపర్లో తప్పు జవాబు వ్రాస్తే మార్కులు పోతాయి. అక్కడ పోయేవి మా మేనకోడలి కళ్లూ కాళ్లూను. ఆ జవాబు ఎందుకు తప్పిందో చెప్పుకొంటే నాబోటివాళ్లు మరి నలుగురైనా జాగ్రత్తపడతారని ఈ వ్రాత.

మాది చిత్తూరు జిల్లా ఐరాల. ఐరాల తెలియనివారికైనా కాణిపాకం తెలిసే ఉంటుంది. ఆ కాణిపాకం మా మండలంలోదే. అక్కడి వరసిద్ధి వినాయకుడు వెలసిన కథ మా వైపు పసిపిల్లలకు కూడా నోటికి వస్తుంది. ముగ్గురన్నదమ్ములట. ఒకడు గుడ్డి, ఒకడు చెవిటి, ఒకడు మూగ. బావి తవ్వుతూంటే పార రాతికి తగిలి నెత్తురు చిమ్మింది. దానితో ముగ్గురి అవిటితనమూ ఒక్కసారిగా పోయింది. కాబట్టి మా ప్రాంతంలో కన్ను మసకబారినా, కాలు లాగినా, ముందుగా మొక్కుకొనేది ఆ స్వామికే. ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. ఈ కథ చివరకు వచ్చేసరికి నేను ఆ మొక్కుకే ఋణపడి ఉన్నానని మీరే అంటారు.

2022లో వినాయక చవితి రోజులు. మా అక్క కూతురికి అప్పుడు 23 ఏళ్లు. బి.ఇడి. చదువుతున్నది. ఇంట్లో అందరమూ పాప అనే పిలుస్తాము. ఎడమ కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పిగా ఉందని రెండు రోజులు అన్నది. మూడోనాడు పొద్దున అద్దం ముందు బొట్టు పెట్టుకొంటూ నన్ను పిలిచింది.

“మామా, ఈ కుంకుమ చూడు. కుడి కంటికి ఎర్రగానే ఉంది. ఎడమ కంటికి మాత్రం ఇటుకపొడి మాదిరి వెలిసిపోయి కనబడతా ఉంది.”

నేను నవ్వాను. “కల్తీ కుంకుమ కొంటే అంతేనే” అన్నాను. రాత్రిళ్లు సెల్‌ఫోను చూడడం తగ్గించమని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. వారం తిరిగేసరికి ఆ కంటికి మనిషి మొహం ఆవిరి పట్టిన అద్దంలో కనబడినట్లు ఉన్నదట. అక్క భయపడి, కన్ను బాగైతే వెండి కళ్లు సమర్పిస్తానని స్వామికి మొక్కుకొన్నది. మూడు వారాలలో చూపు దానంతట అదే తేటపడింది. అందరమూ వెళ్లి మొక్కు తీర్చుకొని, ప్రసాదం తిని వచ్చాము. ఇక ఆ సంగతి మరచిపోయాము.

2024 సంక్రాంతికి ముగ్గు వేస్తూ కూర్చున్న పిల్ల లేచేసరికి కుడికాలు తిమ్మిరి పట్టింది. గొంతుకు కూర్చుంటే ఎవరికైనా పడుతుంది. కాని ఆ తిమ్మిరి ఆ పూట పోలేదు, మర్నాడూ పోలేదు. పాదం నుంచి నడుము దాకా ప్రాకింది. కాలి చెప్పు దారిలో జారిపోయినా తెలియక ఇంటిదాకా నడిచి వచ్చింది. దగ్గరలోని ఒక డాక్టరు నరాల బలహీనత అని బలానికి సూదులు వేశారు. అయిదు వారాలకు కాలు బాగుపడింది. సూదులు పనిచేశాయనుకొన్నాము.

ఆ ఏడు మే నెలలో మూడవ అంకం. మామిడికాయ కోతకు వచ్చిన ఎండలు. మా సీమ ఎండల సంగతి వేరే చెప్పాలా? మిట్టమధ్యాహ్నం బస్సు దిగి నడుస్తూ ఉంటే పాపకు ఎడమ కన్ను మసకబారి, కుడికాలు ఈడ్చుకొనిపోయింది. చింతచెట్టు కింద కూర్చుని, మొహాన నీళ్లు చల్లుకొంటే అరగంటలో అంతా మామూలు. ఇలా మూడుసార్లు జరిగింది. “వేడి చేసిందిరా” అని అక్క మజ్జిగ, సబ్జా నీళ్లు పోసింది. నాకు మాత్రం వేరే ఒకటి కనబడింది. పాప దస్తూరి ముత్యాల కోవ. ఆ నెలలో దాని రికార్డు పుస్తకం తిరగవేస్తే అక్షరాలు గీత దిగిపోయి, దీర్ఘాలు వణుకుతున్నాయి. ఇరవై ఏళ్లుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నవాడిని. బద్ధకపు వ్రాత వేరు, చెయ్యి మాట వినని వ్రాత వేరు. ఆ మాత్రం తెలిసి, అక్కనూ పాపనూ వెంటబెట్టుకొని వేలూరు వెళ్లాను.

చిత్తూరు వాళ్లకు వేలూరు పొరుగూరు వంటిది. ఐడా స్కడర్ దొరసాని 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం అక్కడ పెద్ద వటవృక్షమైంది. డాక్టర్ జేకబ్ చాందీ 1949లో మెదడు, నరాల శస్త్రచికిత్స విభాగం తెరిచినది కూడా ఆ ఊళ్లోనే. ఆ రోజులలో దేశంలో అటువంటిది అదే మొదటిది.

నరాల డాక్టరుగారు పాపను నడిపించారు, కళ్లు మూయించి నిలబెట్టారు, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. తరువాత అడిగారు: “ఇంతకు ముందెప్పుడైనా చూపు మందగించిందా? ఒకటి రెండు రోజులకు మించి?”

పాప నోరు తెరిచేలోగా నేనే అందుకొన్నాను. “లేదండీ. కళ్లు బాగానే ఉన్నాయి.”

చూశారా! ఆయన అడిగినది భూతకాలం, నేను చెప్పినది వర్తమానం. వ్యాకరణం చెప్పేవాడు చేయవలసిన పొరపాటా ఇది?

అక్క ఊరుకోలేదు. “అట్లంటావేందిరా? మరి కాణిపాకంలో వెండి కండ్లు ఎవురి కోసరం ఏస్తిమి?”

డాక్టరుగారు కలం కింద పెట్టి అక్కవైపు తిరిగారు. ఏ సంవత్సరం, ఏ కన్ను, నొప్పి ఉన్నదా, ఎన్నాళ్లకు తగ్గింది, ఒక్కొక్కటే అడిగారు. అక్కకు తిథితో సహా జ్ఞాపకమున్నది. మొక్కు తీర్చుకొన్న రోజును బట్టి వెనక్కు లెక్కగట్టి, కన్ను మసకబారిన వారం కూడా చెప్పింది. చదువుకొన్న నాకు, తగ్గిపోయింది గనుక అది జరగనట్లే. అక్కకు, తగ్గినందుకే అది గుర్తు. ఆ తరువాత ఎమ్మారై తీశారు. మెదడులోనూ, మెడ వెన్నులోనూ తెల్లని మచ్చలు కనబడ్డాయి. కొన్ని పాతవి, ఒకటి రెండు కొత్తవి. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పొడి అక్షరాలలో ఎమ్మెస్.

ఆ పేరు నేను మొదటిసారి విన్నాను. ఇంటికి వచ్చాక, తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్నది మన వాడుక మాటలలో చెబుతాను.

పొలంలో బోరు మోటారుకు కరెంటు తీగ వేస్తాము గదా. లోపల రాగి తీగ, మీద తొడుగు. ఎలుక ఆ తొడుగును అక్కడక్కడ కొరికిందనుకోండి. తీగ తెగలేదు, కాని కరెంటు సరిగా పారదు. మోటారు ఒకసారి తిరుగుతుంది, ఒకసారి ములుగుతుంది. మన నరాల పోగులకు కూడా ఇలాగే మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉన్నది. కబురు వేగంగా పోవడానికి అదే ఆధారం. రోగాలను ఎదిరించి మనలను కాపాడవలసిన రక్షణశక్తి దారి తప్పి, మెదడులోను వెన్నుపాములోను కంటి నరంలోను ఆ తొడుగును కొరకడమే ఈ జబ్బు. కొంతకాలానికి వాపు దిగుతుంది, తొడుగు కొంతవరకు మళ్లీ అల్లుకొంటుంది. అందుకే లక్షణం తగ్గుతుంది. కాని మచ్చ మిగులుతుంది. ఇలా ఎన్నోచోట్ల గట్టిపడిన మచ్చలను బట్టి 1868లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే వైద్యుడు దీన్ని వేరే జబ్బుగా గుర్తించి స్పష్టంగా వర్ణించాడు.

అంతకు ముందే ఒక రోగి తన జబ్బును తానే వ్రాసిపెట్టుకొన్నాడు. ఆయన ఇంగ్లండు రాజు మూడవ జార్జికి మనుమడు, పేరు అగస్టస్ డెస్టే. 1822 డిసెంబరులో స్కాట్లండులో ఒక బంధువు అంత్యక్రియలకు వెళ్లి, ఆ తరువాత తన ఉత్తరాలు తాను చదువుకోలేక ఇతరుల చేత చదివించుకొన్నాడు. ఏ వైద్యమూ లేకుండానే చూపు తిరిగి వచ్చింది. కొన్నేళ్లకు మళ్లీ కళ్లు, ఆ తరువాత కాళ్లు. ఆయన 1848లో చనిపోయేనాటికి కుర్చీకి పరిమితమైపోయాడు. ఎప్పుడు ఏ అవయవం పట్టు తప్పిందో, ఎప్పుడు తేరుకొన్నదో దినచర్యలో వ్రాసుకొన్నాడు గనుకనే ఈనాటి వైద్యులు ఆ వ్రాత చూసి ఇది ఎమ్మెస్ అని చెప్పగలుగుతున్నారు. 1822లో ఆ దొర కన్ను, 2022లో మా పాప కన్ను. రెండు వందల ఏళ్ల తేడా. జబ్బు మాత్రం అదే తలుపు తట్టింది, అలాగే వెనుదిరిగినట్లు నటించింది.

ఇప్పుడు తొలి లక్షణాల మాట. ఒక కన్ను, సామాన్యంగా ఒక్కటే, రోజుల వ్యవధిలో మసకబారడం. కన్ను కదిపితే నొప్పి. రంగులు, అందులోనూ ఎరుపు, వెలిసినట్లు కనబడడం. ఒక వస్తువు రెండుగా కనబడడం. ముఖమో, చెయ్యో, కాలో, ఒక్కొక్కప్పుడు నడుము చుట్టూ బిగించి కట్టినట్లుగానో మొద్దుబారడం. మెడ ముందుకు వంచితే వీపు వెంబడి కరెంటు పారినట్లు జివ్వుమనడం. నడకలో తూలు, కాలు ఈడ్చడం, చేతి వణుకు. మూత్రం ఆగకపోవడమో, రాకపోవడమో. ఈ ఒక్కటి మాత్రం మన ఆడవాళ్లు తల్లితో కూడా చెప్పరు. వీటన్నిటి మీదా, పని చేయకపోయినా ఒళ్లంతా ఇసుక మూట మోసినంత అలసట.

తెలుగువాణ్ణి గనుక ఒక మాటల ముచ్చట చెప్పకుండా ఉండలేను. తిమిరం అంటే చీకటి. ఆయుర్వేదంలో చూపు మందగించే కంటి జబ్బుకూ ఆ పేరున్నది. తిమ్మిరి అంటే మొద్దుబారడం. రెండు మాటలకూ ధ్వనిలో చుట్టరికమే తప్ప పుట్టుక ఒకటని నేను అనను. కాని ఈ జబ్బులో మాత్రం కంటి తిమిరమూ కాలి తిమ్మిరీ ఒకే చెట్టు కాయలు. కంటికి కంటి డాక్టరు, కాలికి ఎముకల డాక్టరు అని విడివిడిగా తిరిగితే ఆ చెట్టు ఎవరికీ కనబడదు.

అలాగని కాలు తిమ్మిరెక్కిన ప్రతివారూ గుండె బాదుకోనక్కరలేదు. బాసింపట్టు వేసుకొని కూర్చుంటే వచ్చే తిమ్మిరి నిమిషాలలో పోతుంది. ఎమ్మెస్ దాడి కనీసం ఒక పగలూ రాత్రీ, అంటే 24 గంటలు, విడవకుండా ఉంటుంది. చాలావరకు రోజులు, వారాలు సాగుతుంది. ఇంకొక సంగతి. బి-12 విటమిన్ తగ్గినా, మధుమేహం ఉన్నా, క్షయ మెదడుకు ప్రాకినా ఇలాంటి లక్షణాలు కనబడవచ్చు. మొన్నమొన్నటి దాకా ఎమ్మెస్‌లోనే కలిపి చూసిన మరొక జబ్బు, కంటి నరాన్నీ వెన్నునూ తీవ్రంగా కొట్టేది, వేరేదని 2004లో ఒక రక్తపరీక్షతో తేలింది. దాని మందులు వేరు. ఎమ్మెస్‌కు వాడే కొన్ని మందులు దానికి చేటు చేస్తాయి. కాబట్టి పేరు సరిగా తెలియడం పండితుల పట్టింపు కాదు, ప్రాణావసరం.

అసలు ఇది ఎవరికి వస్తుంది? ఎక్కువగా ఇరవై నలభై ఏళ్ల మధ్య వయసువారికి, అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ముడిపడి ఉండే కాలంలో. మగవారికంటె ఆడవారికి రెండింతలకు పైగా. ప్రపంచం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది ఉన్నారని 2020 నాటి లెక్క. చలిదేశాలలో ఎక్కువ, ఎండదేశాలలో తక్కువ. ఆ “తక్కువ” అనే మాటే మన కొంప ముంచింది. మన దేశంలో ఇది లేనే లేదన్నంతగా ఉపేక్ష ఉండేది. మన పొరుగు రాష్ట్రంలోని మంగళూరులో లెక్క తీస్తే లక్షమందికి ఎనిమిది మంది చొప్పున తేలారు. ఆ లెక్క 2014లో ప్రచురించారు. లక్షకు ఎనిమిది చిన్న సంఖ్యే. కాని ఆ ఎనిమిదిలో ఒకరు మన ఇంట్లో ఉంటే మనకు నూటికి నూరూ అదే.

కారణం ఒక్కటే అని చెప్పడానికి లేదు. కొంత వంశం నుంచి వస్తుంది. కాని ఒకే పోలిక కవలలలో ఒకరికి వచ్చినా రెండోవారికి వచ్చేది సుమారు నాలుగింట ఒక వంతే. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చేది వందలో రెండు మూడు పాళ్లు. అంటే పుట్టుకతో పాటు పెరిగిన చోటు కూడా లెక్కలోకి వస్తుంది. మన ఉపఖండం నుంచి ఇంగ్లండు వలస వెళ్లినవారి పిల్లలలో, అక్కడే పుట్టి పెరిగినవారికి ఈ జబ్బు దాదాపు అక్కడి తెల్లవారితో సమానంగా వస్తున్నదని 1990లో గమనించారు. అమెరికాలో మనుమలను ఎత్తుకొంటున్న మన తెలుగు తాతలు, అవ్వలు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

ఎప్‌స్టైన్–బార్ అని ఒక వైరస్ ఉన్నది. దాదాపు మనుషులందరిలోనూ చేరి గమ్మున పడి ఉంటుంది. అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా సిపాయిలను ఇరవై ఏళ్ల పొడుగునా గమనించి 2022లో ప్రకటించినదేమంటే, ఆ వైరస్ సోకిన తరువాత ఎమ్మెస్ వచ్చే ముప్పు 32 రెట్లు పెరిగిందని. మరి అందరిలోనూ ఉండే వైరస్ అందరికీ ఈ జబ్బు ఎందుకు తేదు? అగ్గిపుల్ల ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వామి దగ్గర గీస్తేనే గదా మంట! వంశం, విటమిన్ డి తక్కువ కావడం, యవ్వనంలో ఊబకాయం, పొగతాగడం, ఇవన్నీ ఆ వామికి ఎండుగడ్డి చేర్చేవి. పొగతాగేవారికి ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు. వీటిలో వంశాన్ని మనం మార్చలేము. బీడీ సిగరెట్లు మానడం, పిల్లలను నాలుగు గోడల మధ్య ఉంచకుండా కాస్త ఎండలో ఆడనివ్వడం మన చేతిలో పని.

రక్షణశక్తి తన ఒంటినే తాను కొరకడమేమిటని కొందరికి నమ్మకం కలగకపోవచ్చు. దీనికి సాక్ష్యం మన పెద్దల బొడ్డు చుట్టూనే ఉన్నది. పిచ్చికుక్క కరిస్తే పొట్ట మీద పద్నాలుగు సూదులు వేయించుకొన్నవారు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. డేవిడ్ సెంపుల్ అనే దొర కసౌలీలో 1911లో చేసిన ఆ మందు, గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. దక్షిణాదికి 1907లో కూనూరులో పెట్టిన సంస్థ నుంచి వచ్చేది. అది ఎందరి ప్రాణాలో కాపాడింది. కాని వేయించుకొన్నవారిలో కొద్దిమందికి కాళ్లు పడిపోయేవి. మందులోని గొర్రె మెదడు పదార్థాన్ని ఎదిరించబోయి, వాళ్ల రక్షణశక్తి సొంత మెదడులోని మైలిన్ మీద కూడా విరుచుకుపడేది. 1930ల్లో థామస్ రివర్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకు మెదడు పదార్థం మాటిమాటికీ ఎక్కించి ఇదే రుజువు చేశాడు. అది ఎమ్మెస్ కాదు. కాని ఎమ్మెస్ లోగుట్టు కొంత విప్పినది అదే. మన దేశంలో ఆ పాత మందు 2004 చివరతో ఆగిపోయింది. ఇప్పటి కుక్కకాటు టీకాలో మెదడు పదార్థం లేదు, దానికి భయపడనక్కరలేదు. కుక్క కరిస్తే టీకా వేయించుకోకపోవడమే ప్రాణాంతకం.

జబ్బు ఉన్నవారికి దాడిని రేపేవి ఏమిటి? ముఖ్యంగా జ్వరాలు, జలుబు వంటి అంటుజబ్బులు. కాన్పు సంగతి విచిత్రంగా ఉంటుంది. గర్భం నిండే నెలలలో దాడులు తగ్గుతాయి, కాన్పైన తరువాత మూడు నెలలలో పెరుగుతాయి; యూరప్‌లో గర్భిణులను గమనించి 1998లో చెప్పిన సంగతి ఇది. కాబట్టి పిల్లలను కనకూడదనే నియమం ఏమీ లేదు. కొన్ని మందులు మాత్రం గర్భానికి పనికిరావు గనుక ముందుగా డాక్టరును అడిగి, ఏర్పాటు చేసుకోవాలి.

ఇక మా అక్క చెప్పిన “వేడి”. ఇందులో అక్క పూర్తిగా తప్పలేదు. జర్మనీలో ఊతాఫ్ అనే కంటివైద్యుడు 1890లోనే గమనించాడు: ఈ రోగులకు ఒళ్లు అలసి వేడెక్కితే చూపు మసకబారుతుంది, చల్లబడితే తిరిగి వస్తుంది. తొడుగు ఊడిన నరంలో కబురు అంతంత మాత్రంగా నడుస్తూ ఉంటుంది; ఒంటి వేడి కాస్త పెరిగితే ఆ నడక కూడా ఆగిపోతుంది. అంటే ఎండ కొత్త మచ్చను వేయలేదు, పాత మచ్చను చూపించింది. మజ్జిగ, నీడ, చన్నీళ్లు ఆ పూటకు మంచివే. కాని “వేడి చేసింది” అని అక్కడితో ఆగిపోతే, వేడి చూపించిన మచ్చను మనం చూడనట్లే.

ఈ జబ్బును నిర్ణయించడానికి వైద్యులు అడిగేవి ముఖ్యంగా రెండు: ఒంటిలో ఒకటికి మించిన చోట్ల దెబ్బ తగిలిందా, ఒకటికి మించిన కాలాలలో తగిలిందా? 2001 నుంచి మెక్‌డొనాల్డ్ పేరుతో నడుస్తున్న నియమాల సారం ఇదే. తరగతిలో చెప్పే మాటలలో అయితే, సప్తమీ విభక్తీ కావాలి, భూతకాల క్రియా కావాలి. ఎమ్మారై యంత్రం చోటును బాగా చూపుతుంది, కాలాన్ని కూడా కొంత పట్టగలదు. కాని 2022లో కుంకుమ ఇటుకపొడిలాగ కనబడిన పొద్దు ఏ యంత్రానికీ తెలియదు. అది రోగి చెప్పాలి, ఇంటివారు చెప్పాలి. నేను చెప్పలేదు.

పూర్తిగా నయంచేసే మందు లేదు. కాని చేతులు కట్టుకొని కూర్చోవలసిన రోజులూ కావు. దాడి తీవ్రంగా వచ్చినప్పుడు మూడు నుంచి అయిదు రోజులు స్టెరాయిడ్ మందు నరానికి ఎక్కిస్తారు, తేరుకోవడం త్వరపడుతుంది. దాడులను తగ్గించే మొదటి మందు 1993లో అమెరికాలో వచ్చింది; ఇప్పుడు ఇంకా ఎన్నో ఉన్నాయి. తొలి ఏళ్లలోనే మొదలుపెడితే మేలు ఎక్కువ. పెద్ద ఖర్చుతో కూడిన మాటే గాని, తిరుపతి స్విమ్స్, హైదరాబాదు నిమ్స్ వంటి ప్రభుత్వాసుపత్రులలోనూ నరాల విభాగాలు ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 రకాల వైకల్యాలలో ఎమ్మెస్ పేరు పెట్టి మరీ చేర్చారు. నూటికి నలభై పాళ్లు వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఇస్తే చట్టంలోని ప్రత్యేక సౌకర్యాలకు అర్హత వస్తుంది. జబ్బుపడ్డవారికోసం ముంబయిలో 1985లో ఏర్పడిన సంఘానికి హైదరాబాదులోనూ శాఖ ఉన్నది.

వేలూరు నుంచి తిరిగి వస్తూ బస్సులో అక్క నా చెవిలో అన్నది: “ఈ మాట ఊళ్లో అనబాకరా. బిడ్డకు సంబంధాలు రావు.”

ముందు సీట్లో కూర్చున్న పాప వినకూడదనుకొన్నాము. వింది. వెనక్కు తిరిగి, “వచ్చినోళ్లకు నేనే చెప్తానమ్మా. చెప్పినాక కూడా వచ్చినోళ్లే వస్తారు” అన్నది. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకొన్నది. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. మరుగుపరిచి కట్టిన పెళ్లి, దాడి వచ్చిననాడు ఎన్ని నిష్ఠూరాలకు గురి అవుతుందో అక్కకు తెలియకపోదు. మందు మానేసి జబ్బును దాచుకొన్న కోడళ్లు కూడా ఉంటారు. ఆ సంగతి నేను చెప్పబోయి ఊరుకొన్నాను. పాప చెప్పినదే చాలు.

ఇప్పుడు పాప మందు వాడుతున్నది. ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నది. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట తిరగదు. దస్తూరి చాలావరకు గీత మీదికి వచ్చింది. నేను ఒక పుస్తకం కొని ఇచ్చాను. అందులో ఏ రోజు, ఏ అవయవం, ఎంతసేపు, ఎప్పుడు తగ్గింది అని నాలుగు గడులు గీసుకొన్నది. మొదటి వరుస నా చేత వ్రాయించింది: 2022, వినాయక చవితి, ఎడమ కన్ను, మూడు వారాలు. వ్రాస్తూంటే నా చెయ్యి కొంచెం వణికిన మాట నిజం.

పాఠకులలో ఎవరి ఇంటనైనా ఇలా వచ్చి, ఒక రోజుకు మించి ఉండి, దానంతట అదే తగ్గిపోయిన కన్నో కాలో ఉంటే, సంతోషించండి, మొక్కు ఉంటే తీర్చుకోండి. ఆ రోజు తేదీ మాత్రం ఎక్కడో ఒకచోట వ్రాసిపెట్టి, తగ్గిన తరువాత కూడా ఒకసారి నరాల డాక్టరుకు చూపించండి. ఆయన “ఇంతకు ముందెప్పుడైనా?” అని అడిగితే, నాలాగా తొందరపడి జవాబు చెప్పకండి. పక్కన ఉన్న అక్కనో అమ్మనో ఒక్కసారి అడిగి చెప్పండి.